ఆ కుండ ఎక్కడ దొరికింది?
ఈ నెల జీవితం: అల్ఫొన్సో కాసో (1896–1970)



జాతరలో గరగ మన వీధిలోకి వచ్చినప్పుడు పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అది పాత్రే, అయినా ఆ పూట అది అమ్మవారు. నీళ్లు వారపోసి, హారతి ఇచ్చి, దణ్ణం పెట్టుకుంటాం. పెళ్లిలో కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చే అయిరేని కుండలూ అంతే. పాత్రలో దైవాన్ని చూడటం కొల్లేరు, గోదావరి సీమల వాళ్లకు కొత్త సంగతి కాదు.

భూగోళానికి అవతలి వైపున, మెక్సికో దేశంలోని వహాకా లోయలో, జపోటెక్ అనే ప్రజలు కూడా రెండు వేల ఏళ్ల కిందటే ఇలాంటి పాత్రలు చేశారు. బూడిద రంగు మట్టితో గొట్టంలా ఒక పాత్ర, దాని ముందు భాగాన బాసింపట్టు వేసుకుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్న ఒక రూపం, తల మీద పెద్ద కిరీటం, ముఖానికి తొడుగు. ఆ రూపాలు ఎవరివి, ఏ కాలానివి, ఏ పనికి వాడారు అన్న ప్రశ్నల వెంట జీవితమంతా నడిచిన మనిషి అల్ఫొన్సో కాసో. ఆయన చదివింది మాత్రం లా.

లా చదివిన కుర్రాడు

కాసో 1896 ఫిబ్రవరి 1న మెక్సికో నగరంలో పుట్టారు. ఆయన అన్న ఆంతోనియో కాసో వయసులో పన్నెండేళ్లు పెద్ద, ఆ దేశంలో పేరున్న తత్త్వశాస్త్ర ఆచార్యుడు. అల్ఫొన్సోకు పద్నాలుగేళ్లు వచ్చేసరికి మెక్సికో విప్లవం మొదలైంది. పదేళ్ల పాటు దేశం అల్లకల్లోలంగా ఉంది. ఆ గొడవల మధ్యనే, 1916లో, ఆయనా మరో ఆరుగురు విద్యార్థులూ కలిసి ఉపన్యాసాలు, సంగీత సభలు జరిపే ఒక సంఘం పెట్టారు. ఊళ్లో జనం వాళ్లకు ఏడుగురు జ్ఞానులని పేరు పెట్టారు. ఎగతాళిగా మొదలైన ఆ పేరు తర్వాత గౌరవంగా నిలిచిపోయింది.

1919లో లా పట్టా చేతికొచ్చింది. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే పనీ దొరికింది. ఇంట్లో వాళ్లు ఇక నిశ్చింతగా ఉండదగ్గ దశ అది. కానీ షోచికాల్కో అనే పాత నగర శిథిలాలను చూసి వచ్చాక ఆయన మనసు అటు మళ్లింది. అక్కడి గుడి గోడల చుట్టూ ఈకల పాములు చెక్కి ఉంటాయి. వాటి మధ్య ఉన్న గుర్తులకు అర్థమేమిటో తెలుసుకోవాలనిపించింది. ఉద్యోగం మానకుండానే హెర్మన్ బేయర్ అనే జర్మన్ పండితుడి దగ్గర మళ్లీ విద్యార్థిగా చేరారు.

ఆయన తొలి పరిశోధనల్లో ఒకటి మన పిల్లలకు నచ్చుతుంది. అది ఒక ఆట గురించి. మెక్సికోలోని అజ్టెక్ ప్రజలు పతొల్లి అనే ఆట ఆడేవారు. కూడలి ఆకారంలో గీసిన గళ్లు, పాచికలుగా చిక్కుడు గింజలు, గళ్ల మీద నడిపే కాయలు. మన పచ్చీసు గుర్తొస్తుంది కదూ! ఈ పోలికను 19వ శతాబ్దంలోనే ఇంగ్లండు పండితుడు ఎడ్వర్డ్ టైలర్ గమనించాడు. మహాసముద్రానికి రెండు వైపులా ఉన్న జనం ఇంత దగ్గర పోలికలున్న ఆట ఎలా ఆడారన్న చర్చ ఆ తర్వాత చాలాకాలం నడిచింది.

1928లో కాసో జపోటెక్ శిలా ఫలకాల మీద ఒక పుస్తకం ప్రచురించారు. రాళ్ల మీది గుర్తుల్లో రోజుల పేర్లేవో, సంవత్సరాల పేర్లేవో అందులో విడదీసి చూపించారు. జపోటెక్‌లకు 260 రోజుల పంచాంగం ఒకటి ఉండేది. మనిషికి పుట్టిన రోజును బట్టే పేరు పెట్టేవారు. ఆ లెక్క తెలియనిదే వాళ్ల రాళ్ళూ అర్థం కావు, వాళ్ల కుండలూ అర్థం కావు.

కొండ మీది నగరం

వహాకా లోయ మధ్యలో నాలుగు వందల మీటర్ల ఎత్తు లేచిన కొండ మోంటే అల్బాన్. క్రీస్తుకు పూర్వం 500 ప్రాంతంలో జపోటెక్‌లు దాని శిఖరాన్ని చదును చేసి నగరం కట్టడం మొదలుపెట్టారు. ఇనుప పనిముట్లు లేవు, బరువు లాగే పశువులు లేవు. దాదాపు 300 మీటర్ల పొడవున్న మైదానం చుట్టూ గుళ్లు, మెట్లు, మేడలు లేచాయి. క్రీస్తుశకం 800 ప్రాంతానికి ఆ నగరం క్షీణించింది. 1931లో కాసో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టే నాటికి చాలా భాగం మట్టిదిబ్బలే.

మరుసటి ఏడాది జనవరిలోనే ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది. 1932 జనవరి 9న ఏడో నంబరు సమాధి పైకప్పు రాయి ఒకటి తొలగించారు. సందు ఇరుకుగా ఉంది. సహాయకుడు హువాన్ వలెన్సుయేలా ముందు లోపలికి దిగాడు, వెనకే కాసో దిగారు. దీపం వెలుగులో బంగారు నగలు, ముత్యాలు, వైడూర్యపు పలుకులు పొదిగిన పుర్రె, స్ఫటికపు గిన్నె, బొమ్మలు చెక్కిన ఎముకలు కనిపించాయి. ఆ రాత్రంతా పని సాగింది. కాసో భార్య మరియా లొంబార్దో కూడా ఆ పనిలో ఉన్నారు. తర్వాతి కాలంలో ఆమె కథా రచయిత్రిగా పేరు తెచ్చుకున్నారు.

నాలుగు వందలకు పైగా వస్తువులు దొరికాయి. ఒక్కటీ తొందరపడి తీయలేదు. ఏ వస్తువు ఏ మూల, దేని పక్కన, ఎంత లోతున ఉందో రాసుకుని, కొలిచి, బొమ్మ గీసుకుని, ఆ తర్వాతే పైకి తెచ్చారు. బంగారం కంటే ఈ రాతలే ఎక్కువ చెప్పాయి. సమాధి కట్టడం జపోటెక్‌లది. ఎముకల మీది చెక్కడాలు మాత్రం వాళ్ల పొరుగువాళ్లయిన మిష్టెక్‌ల బొమ్మల పుస్తకాల్లోని శైలిలో ఉన్నాయి. జపోటెక్‌లు కట్టి వదిలిన సమాధిని కొన్ని వందల ఏళ్ల తర్వాత మిష్టెక్‌లు మళ్లీ వాడుకున్నారని కాసో తేల్చారు. నగలన్నీ ముందే మూటగట్టి పట్నానికి పంపేసి ఉంటే ఈ సంగతి తేలేది కాదు.

ఆ నిధి ఎవరిదన్న తగాదా కూడా వచ్చింది. మా నేల మీద దొరికింది మాదేనని వహాకా రాష్ట్రం అంది, దేశానిదని కేంద్రం అంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇవాళ ఆ నగలు వహాకా నగరంలోనే, పాత శాంతో దొమింగో మఠంలో ఉన్న మ్యూజియంలో, దొరికిన కొండకు దగ్గర్లోనే ఉన్నాయి.

దేవుళ్ల పాత్రలు

నిధి వార్త పత్రికల్లో నిండింది కానీ, కాసో ఎక్కువ ఏళ్లు వెచ్చించింది మట్టి పాత్రల మీద. మోంటే అల్బాన్‌లో 1931 నుంచి 1958 వరకు 18 విడతలుగా తవ్వకాలు జరిగాయి. 170కి పైగా సమాధులు బయటపడ్డాయి. చాలా వాటిలో ఆ కూర్చున్న రూపాల పాత్రలు ఉన్నాయి. కొన్ని తలుపు మీది గూట్లో, కొన్ని లోపల మృతుడి దగ్గర, కొన్ని గుడి నేల కింద. చేతిలో ఇమిడే చిన్నవి ఉన్నాయి, మోకాలి ఎత్తు దాటే పెద్దవి ఉన్నాయి.

వీటికి ఐరోపా వాళ్లు అస్థికల కుండ అనే అర్థమొచ్చే పేరు పెట్టారు, అదే నిలిచిపోయింది. నిజానికి వాటిలో అస్థికలూ బూడిదా ఉండవు. దాదాపు ఎప్పుడూ ఖాళీగానే దొరుకుతాయి. ఇంకో విశేషం, మన కుమ్మరి సారె లాంటిది జపోటెక్‌లకు లేదు. మట్టిని చేత్తోనే పలకలుగా, గొట్టంగా మలిచి, ముక్కు, కళ్లు, చెవి పోగులు, కిరీటం విడివిడిగా చేసి అతికించేవారు. తర్వాతి కాలంలో కొన్ని భాగాలకు అచ్చులు వాడారు.

ఎక్కువ పాత్రల మీద కనిపించేది కొసీహో. ఆ మాటకు మెరుపు అని అర్థం. వాన దేవుడు. పాము నాలుకలా చీలిన నాలుక, ముక్కు మీదుగా దిగే తొడుగు ఆయన గుర్తులు. మరొకరు పితావో కోసోబి, మొక్కజొన్న దేవుడు. ఆయన కిరీటంలో మొక్కజొన్న పొత్తులుంటాయి. మన మెట్ట పొలాల్లో ఇప్పుడు ఎకరాలకు ఎకరాలు పండే మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికోయే. వహాకా లోయలోని ఒక గుహలో ఆరు వేల ఏళ్ల నాటి పొత్తులు దొరికాయి. అమెరికాకు 1492లో ఐరోపా ఓడలు చేరాకే ఆ గింజ మన దాకా వచ్చింది. వాన పడితేనే ఆ పొత్తు గింజ పోసుకుంటుంది కాబట్టి, ఆ ఇద్దరు దేవుళ్ల గుర్తులు ఒకే పాత్ర మీద కలిసి కనిపించినా వింత కాదు.

అసలు, నకిలీ

కాసో పనికి వెళ్లేసరికే జపోటెక్ పాత్రలకు ఐరోపాలో, అమెరికాలో గిరాకీ పెరిగింది. మ్యూజియాలు కొంటున్నాయి, ధనికులు కొంటున్నారు. గిరాకీ ఉన్నచోట సరుకు తయారవుతుంది. 20వ శతాబ్దం మొదట్లో వహాకాలోనే కొందరు నేర్పరులు కొత్త పాత్రలు చేసి, పాతవని నమ్మించి అమ్మారు. చూపుకు ఎంత అందంగా ఉన్నా వాటికి ఊరు లేదు, సమాధి లేదు, పక్కన దొరికిన వస్తువు లేదు. పెద్ద పెద్ద మ్యూజియాల అద్దాల బీరువాల్లో అవి దశాబ్దాల పాటు అసలువాటి పక్కనే కూర్చున్నాయి. కాల్చిన మట్టిని మళ్లీ వేడి చేస్తే అది విడిచే సన్నని వెలుగును కొలిచి, ఎప్పుడు కాల్చారో చెప్పే పరీక్ష తర్వాత వచ్చింది. ఆ పరీక్షలో చాలా పాత్రలు నకిలీవని తేలాయి.

ఇక్కడే కాసో లా చదువు పనికొచ్చింది. కోర్టులో సాక్షి ఎవరు, ఎక్కడ ఉన్నాడు, ఏం చూశాడు అని అడుగుతారు. ఆయన కుండను కూడా అదే అడిగారు. ఎక్కడ దొరికింది? ఏ పొరలో? దాని పక్కన ఏముంది? తవ్వకంలో తమ చేతికి దొరికిన పాత్రలను కొలబద్దగా పెట్టుకుని, ఊరూ పేరూ లేని వాటిని వాటితో పోల్చి చూశారు.

పొర అంటే ఏమిటో పిల్లలకు కొల్లేరుతో చెప్పవచ్చు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వరదకు తెచ్చే ఒండ్రు సరస్సు అడుగున పేరుకుంటుంది. అడుగున ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. ఎవరూ కెలకకుండా ఉంటే, ఏ పొరలో ఉన్న పెంకు ఆ పొర నాటిదే. మోంటే అల్బాన్‌లో కాసో, ఇగ్నాసియో బెర్నాల్, హోర్హే అకోస్టా ఇలాగే పెంకులను పొరల వారీగా పేర్చి, ఆ నగర చరిత్రను అయిదు దశలుగా విడదీశారు. తేదీల్లో మార్పులు జరిగినా, ఆ వరుసను పండితులు ఇప్పటికీ వాడుతున్నారు.

1952లో కాసో, బెర్నాల్ కలిసి వహాకా పాత్రల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. తలపాగా, తొడుగు, గుర్తులను బట్టి ఏ పాత్ర ఏ దేవుడిదో వర్గీకరించారు. 1967లో ఆ ఇద్దరితో అకోస్టా కూడా కలిసి మోంటే అల్బాన్ మట్టి పాత్రలన్నిటి మీదా మరో గ్రంథం తెచ్చారు. మొదటి తవ్వకానికీ ఈ పుస్తకానికీ మధ్య 36 ఏళ్లు.

తర్వాతి తరం పండితులు ఆయన మాటను అలాగే ఒప్పుకోలేదు. ఆ రూపాలు దేవుళ్లు కావని, దేవుడి తొడుగు ధరించిన రాజులూ పూర్వీకులూ అని అమెరికా పండితురాలు జాయిస్ మార్కస్ వంటి వారు వాదించారు. చనిపోయిన పెద్దలు వానకూ పంటకూ దేవుడితో మధ్యవర్తులుగా ఉంటారన్న నమ్మకం జపోటెక్‌లకు ఉండేదని వాళ్ల ఆలోచన. ఆ చర్చకు కూడా ఆధారం కాసో బృందం రాసిపెట్టిన వివరాలే. ఏ పాత్ర ఎవరి సమాధిలో ఏ చోట ఉందో వాళ్లు రాసి ఉండకపోతే, వాళ్లను కాదనడానికి కూడా ఆధారం మిగిలేది కాదు.

సంస్థలు కట్టిన మనిషి

1939లో మెక్సికో తన పురాతన కట్టడాల రక్షణ కోసం జాతీయ మానవశాస్త్ర, చరిత్ర సంస్థను నెలకొల్పింది. దానికి తొలి డైరెక్టరు కాసో, 1944 వరకు. ఆ ఏడాదే దేశంలోని అతి పెద్ద విశ్వవిద్యాలయంలో గొడవలు ముదిరితే, ఆయనను పిలిచి రెక్టరు పదవి ఇచ్చారు. ఆయన ఉన్నది కొద్ది నెలలే. ఆ వ్యవధిలోనే విశ్వవిద్యాలయానికి కొత్త చట్టం రూపొందింది. 1945 నాటి ఆ చట్టంతోనే ఆ విశ్వవిద్యాలయం ఇప్పటికీ నడుస్తోంది. పని అయ్యాక ఆయన పదవి విడిచి వెళ్లిపోయారు.

1949లో మిష్టెక్ రాజవంశాల గురించి ఒక పాత పటం ఆధారంగా వ్యాసం రాశారు. బొమ్మల పుస్తకాల్లో కనిపించే రాజులూ రాణులూ కల్పిత పాత్రలు కారని, వహాకా ఊళ్లను ఏలిన నిజమైన మనుషులని ఆ వ్యాసం రుజువు చేసింది.

పాత్రలు చేసినవాళ్ల వారసులు బతికే ఉన్నారన్న సంగతిని ఆయన మరిచిపోలేదు. జపోటెక్, మిష్టెక్ భాషలు మాట్లాడేవాళ్లు ఇప్పటికీ లక్షల్లో ఉన్నారు. దేశంలోని మూలవాసుల కోసం ఏర్పడిన జాతీయ సంస్థకు కాసో మొదటి నుంచి, 1970లో చనిపోయేదాకా, అధిపతిగా ఉన్నారు. ఆ సంస్థ 1951లో చియాపాస్ రాష్ట్రంలోని శాన్ క్రిస్టోబల్‌లో తొలి కేంద్రం తెరిచింది. త్సోత్సిల్, త్సెల్తాల్ ఊళ్ల యువకులకే శిక్షణ ఇచ్చి, పిల్లలకు మొదట ఇంటి భాషలో చదవడం, రాయడం నేర్పి, ఆ తర్వాత స్పానిష్‌లోకి తీసుకెళ్లారు. రెండు భాషల్లో వచ్చే మన పత్రిక చదువరులకు ఆ పద్ధతి ఆసక్తి కలిగించాలి. మూలవాసులను జాతీయ జీవనంలో కలిపేయాలన్న ఆ సంస్థ ధోరణి మీద తర్వాత గట్టి విమర్శలు కూడా వచ్చాయి. కలపడం పేరుతో వాళ్ల తీరును చెరిపేస్తున్నారని విమర్శకులు అన్నారు.

మరియా 1964లో మరణించారు. కాసో 1970 నవంబరు 30న మెక్సికో నగరంలో కన్నుమూశారు. ఏడో సమాధి నిధి మీద ఆయన సమగ్ర గ్రంథం అంతకు ముందు ఏడాదే, 1969లో వచ్చింది. సమాధి తెరిచిన 37 ఏళ్లకు.

మన నేలలో

ఏలూరుకు దగ్గర్లోని పెదవేగి ఒకప్పుడు వేంగి. శాలంకాయనులకు, తర్వాత తూర్పు చాళుక్యులకు రాజధాని. అక్కడి ధనమ్మదిబ్బ దగ్గర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. కామవరపుకోట వైపు వెళ్తే గుంటుపల్లి కొండ మీద రెండు వేల ఏళ్లు దాటిన బౌద్ధ గుహలున్నాయి. మన జిల్లాల్లో చేపల చెరువుకో, ఇంటి పునాదికో, బోరుకో నేల తవ్వని రోజు లేదు. పొక్లెయిను బకెట్టులో పెంకు, ఇటుక, మట్టి బొమ్మ తల పైకి రావచ్చు. దాన్ని కడిగి షోకేసులో పెడితే అది అందమైన వస్తువు మాత్రమే. ఎక్కడిదో చెప్పేవాళ్లు లేకపోతే, కొన్నాళ్లకు అది నిజంగా పాతదో కాదో కూడా తేల్చలేం.

ఈ సెలవుల్లో ఇంట్లో పిల్లలతో ఈ పనులు చేయించవచ్చు.

అమ్మమ్మ ఇంట్లోనో, నానమ్మ ఇంట్లోనో ఉన్న మూడు పాత వస్తువులు, ఉదాహరణకు ఊరగాయ జాడీ, కవ్వం, ఇత్తడి బిందె, ఎంచుకోమనండి. ప్రతిదానికీ ఒక కాగితం. ఎవరు కొన్నారు, ఏ ఊళ్లో, దేనికి వాడారు, ఇంట్లో ఏ చోట ఉండేది. పెద్దవాళ్లను అడిగి, తేదీ వేసి, బొమ్మ గీసి దాచమనండి. వస్తువు ఇల్లు మారినా కాగితం వెంట వెళ్లాలి.

గుంటుపల్లి, పెదవేగి వెళ్లినప్పుడు పెంకు ముక్క కనిపించినా జేబులో వేసుకోనివ్వకండి. ఉన్నచోటే ఫొటో తీయించండి, చోటు రాయించండి.

పొలంలో, చెరువు గట్టున పాత వస్తువు బయటపడితే అక్కడితో తవ్వకం ఆపి, తహసీల్దారు కార్యాలయానికి తెలపండి. నేలలో దాగిన, పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి చట్టం చెబుతోంది. చెప్పేటప్పుడు వస్తువు గురించి ఎంత చెబుతారో, అది ఉన్న చోటు గురించి కూడా అంతే చెప్పండి. ఏ సర్వే నంబరు, ఎంత లోతు, పక్కన ఏమేమి ఉన్నాయి. వచ్చే అధికారులకు ముందుగా కావలసింది ఆ వివరాలే.